దేవుడి గుప్పెడు

సండే స్కూల్లో రోదమ్మ టీచరంటే పిల్లలకి హడల్. వాక్యాలన్నీ గడగడా అప్పజెప్పించేది. అలాంటి మనిషికి సొంత కూతురు జెమీమా దగ్గరే చుక్కెదురైంది. ఏడేళ్ళ పిల్ల. ప్రార్థన చెయ్యమంటే సగంలోనే ఆమెన్ అనేసేది. గదమాయిస్తే, "దేవుడికేలేమ్మా, చాల్లే" అనేది.

ఆ మాట రోదమ్మకి గుచ్చుకుంది. చిన్నప్పుడు తనకి వాక్యం నేర్పిన పాస్టరు నతానియేలు అయ్యగారి దగ్గరికెళ్ళి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఊళ్ళో పిల్లలందరికీ భక్తి చెప్పి నా పిల్లకి చెప్పుకోలేకపోతున్నానయ్యగారూ. ఆ పాడుమాట దీనికెవరు నేర్పారో ఏమో! నన్నేం చెయ్యమంటారు?"

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "రేపు మీ ఇంట్లో భోంచేస్తాలే" అన్నారు. అంతే.

మర్నాడు కుర్చీ వేస్తే వద్దని, వంటింటి గుమ్మంలో పీట వేయించుకుని కూర్చున్నారు. రోదమ్మ సన్నబియ్యం కొలిచింది. వంటకి ముందు గుప్పెడు బియ్యం తీసి దేవుడి కుండలో వెయ్యడం ఆ సంఘంలో ఇంటింటా ఉన్నదే. ఆదివారం అవన్నీ గుడికి చేరతాయి. వాటితో దిక్కులేని ముసలివాళ్ళకి అన్నం వండుతారు.

"ఇవాళ దేవుడి గుప్పెడు నువ్వు తియ్యి తల్లీ," అన్నారు అయ్యగారు జెమీమాతో.

పిల్ల ఎగిరి గంతేసింది. సన్నబియ్యం వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా మూలనున్న రేషన్ బియ్యం సంచి దగ్గరికెళ్ళి, అడుగు నుంచి నూకలూ మట్టిబెడ్డలూ కలిసిన బియ్యం గుప్పెడు తీసింది.

రోదమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. "అవెందుకే? ఇవి తియ్యి!"

"అవి మనం తినేవి కదా," అంది పిల్ల ఆశ్చర్యంగా. "నువ్వు రోజూ ఇందులోంచేగా తీస్తావు, దేవుడికేలే చాల్లే అని!"

రోదమ్మకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషంలో పిల్ల మీదికి చెయ్యెత్తింది.

"కొట్టకమ్మా," అన్నారు అయ్యగారు నెమ్మదిగా. "నువ్వు నేర్పిందే పొల్లుపోకుండా అప్పజెప్పింది."

ఎత్తిన చెయ్యి దిగింది. రోదమ్మ కొలిచిన సన్నబియ్యంలోంచి నిండుగా గుప్పెడు తీసి, పిల్ల చేతిలోవి పక్కన పెట్టించి, ఇవి దాని దోసిట్లో పోసింది.

జెమీమా ఆ బియ్యాన్నీ అమ్మ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. "ఇవి దేవుడికా?"

రోదమ్మ తలూపింది.

పిల్ల రెండు చేతులూ దగ్గరగా పట్టుకుని, ఒక్క గింజ కూడా జారకుండా, మెల్లగా కుండ దాకా నడిచింది.