చీనా నాడి పట్టిన నక్క

కార్తీక శుద్ధ ద్వాదశి, శుక్రవారం, సాయంత్రం సరిగ్గా ఐదు గంటలకు, కొల్లేటి ఒడ్డున సూరాంబగారి పెరట్లో పొదుగు మీదున్న కోడి చుక్కమ్మకు కడుపు కింద మొదటి ముక్కుపోటు తగిలింది. గుడ్డులోంచి పిల్ల పెంకు పొడుస్తోంది. ఇంటిల్లిపాదీ ముందువాకిట్లో తులసమ్మ పూజలో ఉన్నారు. పెరట్లో మనిషన్నవాడు లేడు.

"మావాళ్లు బయల్దేరారు గంగన్నా," అంది చుక్కమ్మ, గంపలోంచి తల పైకెత్తి.

పక్కనే గుంజకు కట్టేసి ఉన్న ముసలి ఎద్దు గంగన్న నెమరు ఆపలేదు. "రానీ తల్లీ. నువ్వు తొందరపెట్టకు. లోపలున్నవాళ్లకు తెలుసు, ఎప్పుడు రావాలో."

అప్పుడు కంచె దగ్గర గుసగుసలు వినబడ్డాయి. ఇవతల కాపలా కుక్క బైరన్న, అవతల నక్క. బైరన్న సంగతి పెరడంతటికీ తెలుసు. దీపావళి టపాకాయలకు హడలిపోయిననాటి నుంచి చెంబు మూత కిందపడ్డా ఉలిక్కిపడుతున్నాడు. కాపలావాడికి అంతకన్నా తలవంపు ఏముంది?

"నీ తప్పేం లేదు బావా, అది నీ మూత్రపిండాల తప్పు," అంటోంది నక్క. "మంచుకొండలు దాటి మన కొల్లేటికి దిగే బాతులు చీనా వైద్యం చెప్పుకుంటుంటే తుంగలో పడుకుని విన్నాను. భయం కాపురముండేది మూత్రపిండాల్లోనట. వాటి తలుపులు చెవులట. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా వాటి ఘడియ. ఆ వేళ చెవులు మూసి, కళ్లు మూసి, గడ్డివామి వెనక కదలకుండా పడుకున్నావా, రేపటికి సింహానివి."

"కళ్లెందుకు బావా?"

"కళ్లు కాలేయం తలుపులు. కాలేయమంటే లోపలి సేనాపతి. సేనాపతి పడుకోకపోతే మందెలా పనిచేస్తుంది?"

బైరన్న కంచె సందులో తల పెట్టాడు. నక్క బూరుగుదూది తెచ్చుకునే వచ్చింది. రెండు చెవుల్లోనూ దట్టంగా కూరింది. బైరన్న వెళ్లి తూర్పువైపు గడ్డివామి వెనక ముడుచుకున్నాడు. ఆ వెంటనే నక్క కంచె దూకి, గోడ చాటునే నడిచి, గంప దగ్గర తేలింది.

చుక్కమ్మ గుడ్ల మీద రెక్కలు పరిచింది. లేచి పారిపోవచ్చు. కాని పిల్లలు పెంకుల్లో ఉన్నారు, వాళ్లకు కాళ్లు లేవు. కేక వేయవచ్చు. వినవలసినవాడి చెవుల్లో దూది ఉంది. గంగన్న పలుపు తెంపుకోబోయాడు గాని అది కొత్త పలుపు.

"దేవుడా, నా బుద్ధి నా దగ్గరే ఉంచు," అనుకుంది చుక్కమ్మ. ఈకలు సర్దుకుని, "రండి వైద్యులుగారూ," అంది. "కుక్కకు చూసి కోడికి చూడకుండా పోతారా? నాకూ భయం జబ్బే. దీనికి చీనావాళ్ల మందేమిటి?"

వైద్యులుగారూ అనేసరికి నక్క నోరు ఊరుకోలేదు. "భయాన్ని ఆలోచన అణుస్తుంది. కోపాన్ని దుఃఖం అణుస్తుంది. లోపల అదొక రాజ్యం పిల్లా. గుండె రాజు, ఊపిరితిత్తులు మంత్రి, ప్లీహం ధాన్యపు కొట్టు అధికారి. ఒకడు హద్దు మీరితే ఇంకొకణ్ని మీదికి పంపాలి."

ఆలోచించమన్నారు కదా అని చుక్కమ్మ ఆలోచించింది. చిత్రంగా భయం నిజంగానే తగ్గింది.

"మరి ఆ మంత్రిగారికి తలుపు లేదా?"

"లేకేం, ముక్కు. అది తెల్లవారుజాము ఘడియ. ఇప్పుడు దానితో పని లేదు."

చుక్కమ్మ పడమటివైపు చూసింది. కొల్లేటి మీదుగా గాలి తోలుతోంది. పెరటి పడమటి గడప దగ్గర నిలబడిన ఎవరి వాసనైనా తిన్నగా తూర్పున గడ్డివామి మీదికే పోతుంది.

"నా నాలుక చూడరా? ఇక్కడ చీకటి. అలా పడమటి గడప దగ్గర కూర్చోండి, నేనిటు తిరుగుతాను. వెలుతురు బాగుంటుంది."

"నాలుక చూడనివాడు వైద్యుడే కాదు," అంటూ నక్క గోడ చాటు వదిలి గాలిలోకి వెళ్లి కూర్చుంది. ఎదురుగా బొద్దుగా చుక్కమ్మ, కింద పగులుతున్న గుడ్లు. నక్కకు నోటి వెంట చొంగ కారింది.

"వైద్యులుగారూ, ఆ చొంగ ఏ అధికారిది?"

"ప్లీహానిది," అంది నక్క, మాట దొర్లిపోయాక గాని తెలియకుండా.

"కొట్టు అధికారి కొట్టు తెరిచేశాడన్నమాట. పైగా మీ మొహంలో సంతోషం పట్టడం లేదు. గుండెలో రాజుగారు హద్దు మీరినట్టున్నారు. మితిమీరిన సంతోషానికి చీనావాళ్లు ఏం ఇస్తారు?"

"భయం ఇస్తారు," అంది నక్క పాఠం అప్పజెప్పినట్టు.

"అయితే వెనక్కి తిరగండి. మందు వచ్చింది."

వెనక బైరన్న. కళ్లు తెరిచాడు, చెవుల్లో దూది అలాగే ఉంది. నక్క వాసన కోళ్లగూటి వైపు నుంచి రావడం ఏ శాస్త్రంలో ఉన్నా అతను ఒప్పుకోడు.

"బావా, ఇది మూత్రపిండాల ఘడియ. లేచావంటే జబ్బు తిరగబెడుతుంది. నా మాట విను," అని నక్క బతిమాలింది.

వినడానికి బైరన్నకు చెవులెక్కడివి? వైద్యుడే మూశాడు. కంచె దాకా తరిమి తరిమి కరిచాడు. నక్క సందులో ఇరుక్కుని, తోక బొచ్చు సగం పెరటికి దక్షిణగా ఇచ్చి తుంగలోకి పడింది.

బైరన్న తల వంచితే గంగన్న నాలుకతో దూది లాగేశాడు. వాకిట్లో పిల్లలు అప్పుడే ఔటు టపాకాయ పేల్చారు. బైరన్న ఉలిక్కిపడలేదు.

"నయమైందిరోయ్," అన్నాడు గంగన్న. "వైద్యుడు దొంగ గాని వైద్యం మంచిదే."

"నేను ఎక్కడ పడుకున్నానో, ఏం చేశానో పిల్లలకు చెప్పకు చుక్కమ్మా," అన్నాడు బైరన్న మెల్లగా.

"ఎలా వచ్చావో అదే చెబుతాను అన్నా."

మర్నాడు పొద్దున్నే సూరాంబగారు గంపెత్తి చూసి మురిసిపోయారు. తులసమ్మకు దణ్ణం పెట్టుకుని గుప్పెడు నూకలు చల్లారు. వాళ్లాయన కంచెలో నక్క బొచ్చు చూసి ఆ సందుకు తాటిమట్టలు కట్టారు. కోడలు బైరన్నకు పెరుగన్నం పెట్టింది. నూకల చుట్టూ మూగిన పిల్లలకు చుక్కమ్మ మొదటి బుద్ధి చెప్పింది: ఎదుటివాడి నాడి పట్టబోయేవాడు ముందు తన నాడి చూసుకోవాలి.