పగటివేషం పుట్టిన మెట్ట

దేవరగెడ్డ ఒడ్డున మెట్ట మీద వెలసిన వేషాలమ్మ తల్లికి గోపురం లేదు, పైకప్పూ లేదు. ఎండ నేరుగా అమ్మ ముఖాన పడుతుంది. ఊరూరా తిరిగి ఇంటింటా వేషాలాడేవారికి ‘పగటివేషగాళ్ళు’ అన్న పేరు ఇక్కడే పుట్టిందని భక్తుల విశ్వాసం.

పూర్వం ఇక్కడ వేషమంటే రాత్రి ఆటే, దివిటీల వెలుగులోనే. ఒక కరువు ఏడాది గవరయ్య అనే వేషగాడి మేళం ఈ ఊరు చేరింది. ఆడితేనే వాళ్ళకు గింజలు. ఊరిపెద్ద అయిన పెదకాపు సూరప్ప మాత్రం, “తలకు రాసుకోడానికే చమురు లేదు, దివిటీలకెక్కడిది? పొండి” అని తరిమేశాడు.

పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. గవరయ్య కోడలు అచ్చియమ్మ ఈ మెట్ట మీద కూలబడి, ఏడ్చి ఏడ్చి కునుకు తీసింది. కలలో అమ్మ కనిపించి, “రాత్రి ఆటలు చూసి చూసి నా కళ్ళు మండుతున్నాయే. పగలు కట్టి చూపించు” అంది. అచ్చియమ్మ లేచి మామకు ఆ కల చెప్పింది.

“పగలా? దివిటీ వెలుగులో మసి మీసమూ మీసమే. ఎండలో ఎవడు నమ్ముతాడే?” అన్నాడు గవరయ్య.

“నమ్మేటట్టు కడదాం మామా! సూర్యుడికి చమురు పొయ్యక్కర్లేదుగా!”

ఆడవాళ్ళు రంగులు నూరాలే తప్ప పూసుకోకూడదన్న కట్టుబాటును ఆమె అక్కడే గెడ్డలో కలిపేసింది. మీసం అంటించి, తలపాగా చుట్టి, నోట చుట్ట పెట్టి, ఎడమకాలు ఈడుస్తూ అచ్చం సూరప్పలా వీధిలోకి నడిచింది. అరుగుల మీదివాళ్ళు లేచి దండాలు పెట్టారు. సూరప్ప భార్య చేట దించకుండానే, “అప్పుడే వచ్చారా? ఊరికి కరువుగానీ మీ చుట్టకు లేదు!” అని విసుక్కుంది.

“నోరు మూసుకుని మేళంవాళ్ళకు గింజలు కొలువు!” అంది అచ్చియమ్మ, సూరప్ప గొంతుతో.

“నిన్న పొమ్మన్నదెవరు మరి?” అని గొణుగుతూనే ఆమె గాదె తెరిచింది. అంతలో అసలు సూరప్ప వాకిట్లోకి వచ్చాడు. వీధి వీధంతా బిగుసుకుపోయింది. అచ్చియమ్మ మీసం మెలేసి, “ఎవరయ్యా నువ్వు? నా వాకిట్లో నీకేం పని?” అని గద్దించింది.

ఇద్దరినీ మార్చి మార్చి చూసి సూరప్ప భార్య పడీపడీ నవ్వింది.

“నేనింత వంకరగా నడుస్తానటే?” అన్నాడు సూరప్ప.

“ఇంకా వంకర!”

ఆయనకూ నవ్వాగలేదు. తానే గింజలు కొలిచి, కల సంగతి విని, పగటి ఆట కనబడేలా మెట్ట మీద కప్పు లేకుండా అమ్మను నిలిపాడు. పట్టపగలు, ఎదురుగా నిలబడినా నమ్మించే వేషమే పగటివేషమని నాటినుంచి ఊరూరా అంటున్నారు.

నేటికీ జాతర ఉదయాన ఒక ఆడపడుచు ఊరిపెద్ద వేషం కట్టి, ఆయన వాకిట్లోనే ఆయన్ను నిలదీస్తుంది. అమ్మను కొలిచినవారికి నలుగురిలో నోరు విప్పే ధైర్యం కలుగుతుంది. ముఖం మాడ్చుకున్న ఊరిపెద్దకు మాత్రం, ఎంతటివాడైనా సరే, నవ్వేదాకా ప్రసాదం పెట్టరు.