ఎనిమిదింటి బస్సు

ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయ ప్రణాళికా విభాగంలో కొత్తగా చేరిన ఓబులేసు, కాగితం మీద లెక్క కుదిరితే పని అయిపోయినట్టే అనుకునేవాడు.

ఐదేళ్ల ప్రణాళికలో మొదటి లక్ష్యాన్ని, దానికి మంజూరైన రెండు లక్షల రూపాయలను అతనికి అప్పగించారు. మొదటి సంవత్సరం గణితంలో తప్పినవాళ్లకు విడిగా పాఠాలు చెప్పించి, మళ్లీ జరిగే పరీక్షలో గట్టెక్కించాలి. ఓబులేసు చకచకా లెక్క వేశాడు. నలభై కుర్చీలు, కొత్త బోర్డు, సాయంత్రం ఐదు గంటలకు తరగతి. ఉపకులపతి వచ్చి జ్యోతి వెలిగించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు ముగ్గురే వచ్చారు.

"నీ కుర్చీలకు పాఠం బాగా అర్థమైంది నాయనా" అన్నారు గణితం చెప్పే వసంతలక్ష్మి మేడం.

ఓబులేసు పట్టు వదలలేదు. గోడలకు ప్రకటనలు అంటించాడు. తరగతిలో ఇచ్చే బిస్కెట్లు తీసేసి మిరపకాయ బజ్జీలు పెట్టించాడు. పాసైనవాళ్లు కూడా వచ్చి, తిని వెళ్లిపోయారు.

ఒక సాయంత్రం గంగాదేవి అనే అమ్మాయి గేటు వైపు పరుగెత్తడం చూశాడు. ఆమె గణితంలో తప్పిన విద్యార్థిని.

"ఏమ్మా, క్లాసు మానేసి పారిపోతున్నావా?"

"పారిపోలేదు సార్, ఐదు గంటల బస్సు పోతాంది! ఇది తప్పితే మా ఊరికి ఇంకో బస్సు ల్యా."

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదా?"

"మీరు అడిగితే కదా సార్!"

ఓబులేసు ఆమె వెనకే పరుగెత్తి బస్సెక్కాడు. లోపల చూస్తే గణితంలో తప్పినవాళ్లలో సగం మంది అక్కడే వేలాడుతున్నారు.

బస్సు రాత్రికి గంగాదేవి ఊళ్లోనే ఆగుతుంది. వాళ్ల నాన్న ఓబులేసుకు సంగటి పెట్టాడు. "ఒగ మాట చెప్తా సారూ. ఈ తూరి గూడా పాప తప్పితే చదువు మాన్పించి చేనికి తోలుకపోతా" అన్నాడు.

ఓబులేసు ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు.

పొద్దున అదే బస్సు ఎనిమిదింటికి వాళ్లను విశ్వవిద్యాలయం ముందు దింపింది. తరగతులు పదింటికి. పిల్లలంతా వరండాలో కూర్చుని కబుర్లలో పడ్డారు.

ఓబులేసు తిన్నగా మేడం ఇంటికి వెళ్లాడు. "రేపటి నుంచి ఎనిమిదింటికి క్లాసు, మేడం."

"ఎనిమిదికా! మా ఇంట్లో అప్పటికి పాలు కూడా కాగవు."

"టీ నేను తెస్తాను. బజ్జీలు ఆపేశాను."

ఆవిడ నవ్వి ఒప్పుకున్నారు. మర్నాడు గది తాళం ఓబులేసే తీశాడు. బస్సు దిగినవాళ్లు నేరుగా తరగతిలోకి నడిచారు. వారం తిరిగేసరికి కుర్చీలు చాలలేదు. ఫలితాలు వచ్చిన రోజు గంగాదేవి పరుగెత్తుకొచ్చి, "సార్, చేనికి పోయేది ల్యా!" అని అరిచింది.

ఆ మధ్యాహ్నమే ఓబులేసు రెండో లక్ష్యం కాగితం తీశాడు. గ్రంథాలయం వేళలు మార్చాలి. అలవాటుగా లెక్క వేయబోయి ఆగాడు. కలం మూసి, చెప్పులు వేసుకుని, గ్రంథాలయం మెట్ల మీద కూర్చున్న పిల్లల దగ్గరికి బయలుదేరాడు.

ఎవరి కోసం పని తలపెట్టామో వాళ్ల రోజు ఎలా గడుస్తుందో ముందు తెలుసుకోవాలి. అది తెలియని ప్రణాళిక ఎంత చక్కగా రాసినా కాగితం దాటి రాదు.