దొర కారు, హుస్సేనమ్మ కుట్టు

అనగా అనగా, మోటారు చప్పుడుకు ఎద్దులు పలుపుతాళ్ళు తెంపుకునే కాలాన, కొండకింద ఒక ఊరు. ఆ ఊళ్ళో దూదేకుల హుస్సేనమ్మ. పరుపులు కుట్టేది, దిండ్లు కుట్టేది, బండి మెత్తలు కుట్టేది. ఏది కుట్టినా ముందు తనే కూర్చుని చూసేది. ఒంటికి తెలియనిదే పని అయిందనకూడదని వాళ్ళ అవ్వ పెట్టిన ఆచారం. పెళ్ళిపరుపైనా సరే, హుస్సేనమ్మ కూర్చుని లేచాకే పెళ్ళికూతురు. ఊళ్ళో ఎవరూ కాదన్న పాపాన పోలేదు.

ఆ ఊరి దొరకు పాత పందెం కారొకటి ఉండేది. తెల్లదొర ఒకడు ఊరు విడుస్తూ అమ్మిపోయాడు. ఉన్నవే రెండు సీట్లు. పాకలో పడుంటే రెండింటినీ ఎలుకలు కొరికేశాయి. దొర కారుకు రంగేయించాడు, ఇంజను బాగుచేయించాడు, హుస్సేనమ్మను పిలిపించాడు.

"సీట్లు కొత్తవాటిలా కావాలి. తిరనాళ్ళలో ఊరేగాలి."

"చేస్తాను దొరా. అయ్యాక ఒకసారి నేను కూర్చుని చూడాలి."

"చూద్దువులే," అన్నాడు దొర.

విన్నారుగా! అన్నాడా లేదా?

హుస్సేనమ్మ చిరిగిన తోలు విప్పింది. తుప్పు స్ప్రింగులు రుద్ది బిగించింది. కొబ్బరిపీచు పరిచి, పైన ఏకిన దూది కూరింది. మైనం పట్టించిన దారంతో కొత్త తోలు కుట్టింది. వేళ్ళు పొక్కులెక్కాయి.

ఒక సీటు అయింది. "దొరా, కూర్చోనా?"

"రెండోది కానీ."

రెండోదీ అయింది. "దొరా, కూర్చోనా?"

"అంచులు కానీ."

అంచులూ అయ్యాయి. "దొరా, కూర్చోనా?"

దొర పకపకా నవ్వాడు. కారు చూడవచ్చిన చుట్టాలవైపు తిరిగి, "చూశారా దీని పొగరు! నా సీట్లో కూర్చుంటుందట! పోవే, దూరంగా నిలబడి దండం పెట్టుకో," అన్నాడు.

వీడి నోట్లో మన్ను పడ! చేతులు పనికొచ్చాయి, మనిషి పనికిరాలేదా? అన్నాళ్ళూ ఆ కారులోనే తల దూర్చి కుట్టిందే, అప్పుడు లేని పరువు ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడింది?

హుస్సేనమ్మ ఏడవలేదు. కత్తెర తీసి టకటకా కుట్లు తెంపింది.

"ఏయ్! ఏం చేస్తున్నావే?"

"తోలు నీది దొరా, ముట్టను. దూది నీది, ముట్టను. కుట్టు నాది. తీసుకుపోతున్నా."

దారమంతా లాగి, ఉండచుట్టి, కొంగున కట్టుకుంది. తలారి అడ్డం రాబోయి, ఆమె మొహం చూసి పక్కకు జరిగాడు.

దొర పక్కూరికి మనిషిని పంపాడు. అక్కడి దూదేకులవాళ్ళు ఒకటే అడిగారు: "హుస్సేనమ్మ కూర్చుందా?" లేదన్నాడు. "అయితే మేం కుట్టం." దాని అవతలి ఊళ్ళో అడిగాడు. "హుస్సేనమ్మ కూర్చుందా?" లేదు. "మేం కుట్టం." పట్నంలో గుర్రపు జీన్లు కుట్టేవాళ్ళనడిగాడు. అక్కడా అదే మాట.

తిరనాళ్ళనాడు దొర వడ్లబస్తా మీద కూర్చుని ఊరేగాడు. గుంత వచ్చినప్పుడల్లా ఎగిరెగిరి పడ్డాడు. అయినా "రావమ్మా, కూర్చో" అన్న ఒక్క మాట ఆ నోటికి రాలేదు. హుస్సేనమ్మ ఆ సీటెక్కకుండానే కాలం చేసింది. తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

ఇప్పటికీ ఆ తట్టున కారుకైనా, లారీకైనా సీట్లు కుట్టిస్తే, బండిగలాయన ముందు ఎక్కడు. తలుపు తనే తీసి పట్టుకుంటాడు. కుట్టినవాళ్ళు లోపల కూర్చుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళు అడుగుతారు: "హుస్సేనమ్మ కూర్చుందా?"

"కూర్చుంది," అంటాడు బండిగలాయన. అప్పుడే తాళంచెవి తిప్పుతాడు.