నూకాలు తాడులో పసుపు ముడి

అనగా అనగా, మనుషులు వయసును తాడుకు ముడులేసి దాచుకునే కాలంలో, ఉప్పలమెట్ట అనే ఊళ్ళో నూకాలు అనే మంత్రసాని ఉండేది. ఆవిడ పుట్టిన నాడే తల్లి ఒక నారతాడు పేని, అమావాస్యకో ముడి వెయ్యడం మొదలుపెట్టింది. తల్లి పోయాక నూకాలే వేసుకుంది. రెండు మూడేళ్ళకోసారి అధిక మాసం వచ్చి పడుతుంది కదా, ఆ నెల ముడికి మాత్రం ఎర్రదారం చుట్టేది.

ఉప్పలమెట్టకూ అవతలి కోరుబిల్లికీ మధ్య ఒకటే దారి, చీకటి కనుమ. ఏటా ఆశ్వయుజ పున్నమితో ముగిసే మూడు రోజులు అందులో మంచు దిగేది. పట్టపగలే పక్కమనిషి కనపడడు. ఆ మంచులోంచి ఒక గొంతు అడిగేది.

"పుట్టిన రోజు నుంచి నేటి దాకా నీ వయసెంత?"

లెక్క తప్పితే, తప్పినంత కాలం ఆ గొంతుదే. అందుకని ఆ మూడు రోజులూ కనుమలోకి వెళ్ళాలంటే అందరికీ హడలు.

ఆ ఏడు మొదటి రోజున సిరిగిరి శెట్టి వెళ్ళాడు. ఆయనకు యాభై. కానీ ముసలితనమంటే ఆయనకు మహా చేదు! మంచులో వినేదెవరులే అనుకుని, "నలభై" అన్నాడు.

"అయితే ఆ పదేళ్ళూ నీకక్కర్లేదన్నమాట" అంది గొంతు.

శెట్టి క్షేమంగానే ఇంటికొచ్చాడు. ఎనిమిదేళ్ళ కూతురు ఎదురొచ్చి కాళ్ళు చుట్టేసుకుంది. ఆయన వంగి, ఎంతో మర్యాదగా, "ఎవరి పాపవమ్మా నువ్వు?" అన్నాడు. ఇల్లంతా గొల్లుమంది.

రెండో రోజున నరహరి సోమయాజి వెళ్ళాడు. పాపం, ఆయన అబద్ధమాడే మనిషి కాడు. యాభై తొమ్మిదేళ్ళ మీద రెండు నెలలు నిండాయి, అరవయ్యోది నడుస్తోంది. మనలో నడుస్తున్న ఏడునే వయసుగా చెప్పుకుంటాం కదా, అలాగే "అరవై" అన్నాడు.

"ఇంకా బతకని పది నెలలు బతికానన్నావు. సరే, ఇప్పుడే బతికెయ్" అంది గొంతు.

పొద్దున గడ్డం గీయించుకుని వెళ్ళినాయన మధ్యాహ్నానికి గుండెల దాకా గడ్డంతో, వంకర తిరిగిన గోళ్ళతో బయటికొచ్చాడు. ఆ పది నెలలూ ఏమయ్యాయంటే ఆయనకే తెలీదు.

మూడో రోజు, పున్నమి మధ్యాహ్నం, కోరుబిల్లి వైపు నుంచి డప్పు మోగింది. కాన్పు కష్టమైతే అలా మోగించడం వాళ్ళ వాడుక. అక్కడ నెలలు నిండి ఉన్నది సీతాలు ఒక్కతే. ఆ పిల్ల నూకాలు చేతుల మీద పుట్టింది. ఇప్పుడు తనకే తొలి కాన్పు.

నూకాలు కనుమ వైపు చూసింది. "నా కాలం పోతే పోనీ, దాంతో పాటు నా చేతిలో పని కూడా పోతే ఆ పిల్ల గతేం కాను?" అనుకుంది. అయినా తాడు నడుముకు చుట్టుకుని మంచులోకి నడిచింది. తన అడుగుల చప్పుడు తనకే వినిపించడం మానేసింది.

"నీ వయసెంత?" అంది గొంతు, సరిగ్గా చెవి పక్కనే.

"ఆషాఢ శుద్ధ దశమి నాడు పుట్టాను. మొన్నటి విజయదశమికి నలభై ఒక్క ఏళ్ళూ మూడు నెలలూ నిండాయి. ఆ పైన ఐదు రోజులు."

తాడు మీద చల్లని వేళ్ళేవో పాకినట్టయింది. "ఇందులో ఐదువందల పది ముడులున్నాయి. ఏడాదికి పన్నెండు చొప్పున నలభై రెండేళ్ళ ఆరు నెలలు. పదిహేను నెలలు తప్పావు!"

నూకాలుకు భయం పోయి ఒళ్ళు మండింది. "ఎర్రదారాలు కనపడలేదా? పదిహేనూ అధిక మాసాలు. శ్రావణం రెండుసార్లు వచ్చిందని ఏడాదికి రెండు ఉగాదులొస్తాయా?"

 గొంతు ఈసారి తల్లి పిలిచినంత మెత్తగా అంది. "ఈ పసుపు పూసిన ముడి ఏమిటి నూకాలూ?"

నూకాలు ఆ ముడిని వేలితో తడిమింది. "ఆ నెల నాకు కొడుకు పుట్టాడు. పదకొండు రోజులున్నాడు."

"అయ్యో! ఇన్నేళ్ళూ ఎంత ఏడ్చావో! ఆ పదకొండు రోజులూ నాకిచ్చెయ్. ఏడుపు పోతుంది, దారీ వస్తుంది. అదిగో, డప్పు మోగుతోంది."

నూకాలు ఆ ముడిని గుప్పిట్లో బిగించింది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. "ఇవ్వను. అవి తీసేస్తే వాడు పుట్టనే లేదు. అవీ నా వయసే."

మంచులో ఎవరో వెక్కిన చప్పుడయింది.

"నేనూ ఒకప్పుడు మనిషినే" అంది గొంతు. "ఏడిపించిన రోజునల్లా వద్దనుకుని పారేసుకుంటూ వచ్చాను. చివరికి నా పేరు పోయింది, ముఖం పోయింది. ఈ గొంతొక్కటే మిగిలింది. ఊళ్ళోవాళ్ళ రోజులు ఎన్ని తెచ్చుకున్నా నాకు సరిపోవడం లేదు. వెళ్ళు తల్లీ."

దారి తెరుచుకుంది. పొద్దు వాలకముందే సీతాలుకు ఆడపిల్ల పుట్టింది. నూకాలు ఆ పిల్లకో కొత్త తాడు పేని, ఊయలకు కట్టి ఇంటికి వెళ్ళింది.

పిల్లలూ, తీపి రోజైనా చేదు రోజైనా బతికిన రోజును కాదనుకోకండి. రోజులు పారేసుకున్నవాడు తనను తానే పారేసుకుంటాడు.