గోడ దాటిన దుంప

ఒకానొక రాజ్యంలో, పేరు కేదారపురం అనుకుందాం, ప్రచండసేనుడనే రాజు ఉండేవాడు. చెడ్డవాడు కాదు గానీ, తాను తుమ్మినా అది ప్రజల అదృష్టమే అనుకునే రకం.

ఒకసారి ఓడ వర్తకులు ఆయనకు బుట్టెడు బంగాళాదుంపలు కానుకిచ్చారు. ఆ దేశంలో అంతకుముందు వాటిని చూసినవారు లేరు. రాజు వాటిని కోట పెరట్లో స్వయంగా నాటాడు. అంటే తోటమాలి గొయ్యి తీశాడు, రాజు దుంప పడేశాడు, తోటమాలి మన్ను కప్పాడు. మొక్కలు ఏపుగా పెరిగి, ఆకులు పండాక తవ్వి చూస్తే మడి నిండా దుంపలే. ఇక ఆయన్ను పట్టేదెవరు!

"ఇదంతా మా హస్తవాసి. పిడికెడంత దుంప, రాజు చెయ్యి, రెండూ ఉంటే తప్ప ఇది మొలవదు" అని సభలో ప్రకటించాడు. ఆపైన చాటింపు వేయించాడు. ఈ దుంప విత్తనాన్ని కోట గోడ దాటించినవారు ఎంతటివారైనా సరే, దేశబహిష్కారమేనట. రాజు చెయ్యి లేందే మొలవని దాన్ని ఎవరు పట్టుకుపోతే ఏమిటని అడిగే ధైర్యం ఎవరికుంది?

కోట వంటింటి గోడకు అవతలే అంకమ్మ ఇల్లు. మొగుడు పోయాక పెరట్లో ఆకుకూరలు పెంచి అమ్ముకుని బతుకుతోంది. ఒకనాడు తోటకూర మడిలో పిచ్చిమొక్కలేవో లేచాయని పట్టి పీకింది. వేళ్ళకు దుంపలు వేలాడుతూ వచ్చాయి! ముందు జడుసుకుంది. తర్వాత ఉడకేసి, ఉప్పద్దుకుని తిని చూసింది. బాగున్నాయి. మిగిలినవి కూరల గంపలో వేసుకుని సంతకు పోయింది. అక్కడ తలారి కంట పడ్డాయి. సాయంత్రానికి అంకమ్మ సభలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"దొంగిలించకుండా మా దుంప నీ పెరట్లోకి ఎలా వచ్చింది?" అని గర్జించాడు రాజు.

"నాకేం తెలుసు దొరా! నేను నాటలేదు. దానంతటదే లేచింది."

"దానంతటదే లేచిందట! రేపు పొద్దు పొడిచేలోగా దేశం విడిచిపో. ఇల్లూ పెరడూ ఖజానాకు జమ."

అంకమ్మ ఉన్నచోటే కూలబడింది. నాలుగు దుంపలకు ఒక ఆడమనిషిని నిలువనీడ లేకుండా చేయడమేమిటని సభలో అందరికీ అనిపించింది. నోరు మాత్రం ఎవరికీ పెగల్లేదు, ఆస్థానంలో చమత్కారి అని పేరున్న పేరన్నకు తప్ప.

"ప్రభూ, ఈమె తరఫున సాక్షి ఉన్నాడు. కొంచెం గడువివ్వాలి."

"ఎక్కడున్నాడు?"

"ఇంకా పూడ్చలేదు ప్రభూ. పూడ్చాక లేచి చెబుతాడు."

పురోహితుడు చెవులు మూసుకున్నాడు.

పేరన్న వంటింట్లోకి వెళ్ళి దుంపల చెక్కు దోసెడు తెచ్చాడు. సామాన్యుల్లా పల్చగా చెక్కు తీయిస్తే రాజుగారికి నామోషీ. దుంపలో సగం చెక్కుతోనే పోవాలి. ఆ చెక్కును మన్ను నింపిన కుండలో పాతి, సభా మండపం ముందు ఎండ తగిలేచోట పెట్టాడు.

"చెత్త సాక్ష్యం చెబుతుందా!" అని రాజు పకపకా నవ్వాడు. "ఇది లేవకపోతే అంకమ్మతోపాటు నువ్వూ మూట సర్దుకో." కుండ ఎవరూ మార్చకుండా కాపలా కూడా పెట్టించాడు.

రోజులు గడిచాయి. కుండలో మన్ను తప్ప ఏమీ లేదు. పేరన్న భార్య నిజంగానే మూటలు కట్టడం మొదలుపెట్టింది. అంకమ్మ రోజూ వచ్చి కుండ ముందు కూర్చుని, "లేవరా తండ్రీ" అని వేడుకునేది.

ఒక ఉదయం కాపలా భటుడు పెద్దగా కేక పెట్టాడు. రాజు తలపాగా అయినా చుట్టుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. కుండలో పచ్చని మొలకలు! పిడికెడంత దుంప లేదు, రాజు చెయ్యి తగల్లేదు. నమ్మలేక వేలితో మన్ను కదిపి చూశాడు. మొలక చెక్కు మీద చిన్న గుంటలా ఉన్న కంటిలోంచే వచ్చింది. ఈలోగా అంకమ్మతోపాటు సభికులంతా కుండ చుట్టూ చేరారు.

"సాక్షి లేచాడు ప్రభూ" అని, పేరన్న వంటవాణ్ణి పిలిపించాడు. "ఏమయ్యా, రోజూ ఈ చెక్కు ఏం చేస్తావు?"

"గోడ అవతల పారేస్తానండీ. అంకమ్మ పెంటకుప్ప మీద పడుతుంది."

"ఆ పెంటే మడికి ఎరువేస్తాను బాబూ" అంది అంకమ్మ.

"గోడ అవతల పారేయమన్నదెవరు?"

వంటవాడు రాజు వంక చూశాడు. "చెక్కు మా కంట పడరాదు, తక్షణం గోడ దాటించండి అని... ఏలినవారే సెలవిచ్చారు."

"విత్తనాన్ని కోట గోడ దాటించినవారు ఎంతటివారైనా సరే..." అని పేరన్న మెల్లగా మొదలుపెట్టి, అంతటితో ఆపేశాడు.

రాజు ముఖం పాలిపోయింది. "అంటే... మేమా? మేము దేశం విడిచి..."

అంకమ్మ బావురుమంది. "అయ్యో దొరా! నా పెంటకుప్ప మూలాన ఎంత పని జరిగిపోయింది! కట్టుబట్టలతో ఎక్కడికి పోతారు? ఉండండి, దారిలో తినడానికి నాలుగు దుంపలు ఉడకేసి మూటగట్టిస్తాను. ఉప్పుంటే చాలు, బాగుంటాయి."

రాజు తెల్లబోయి ఆమె వంక చూశాడు. తాను ఇల్లు లాక్కోబోయిన మనిషి తనకే దారిబత్తెం కడతానంటోంది! ముందు సిగ్గు ముంచుకొచ్చింది, ఆ వెనకే నవ్వొచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. అప్పుడుగానీ సభకు ప్రాణం లేచిరాలేదు.

చాటింపు రద్దయింది. అంకమ్మ పెరడు అంకమ్మకే ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న కోట మడి కూడా ఆమెకే దక్కింది. ఏం కావాలో కోరుకోమని రాజు పేరన్నను అడిగాడు.

"తమరి వంటింటి చెక్కు ఇప్పించండి ప్రభూ, ఇంటికో దోసెడు పంచుతాను. ఒక్కటే మనవి. వంటవాడు పొదుపు నేర్చుకోకూడదు."

ఇప్పటికీ ఆ ఊళ్ళో కొత్తకోడలు దుంప చెక్కు మందంగా తీస్తే అత్త కసరదట. "రాజుగారి చెక్కు తీశావు, పోయి పెరట్లో పాతిరా" అంటుందట.