తోలుపట్టా మీద రెండో గాటు

సన్నాయి విద్వాంసులు వీరరాఘవులుగారికి ఒక అలవాటు ఉండేది. పొద్దున్నే గడ్డం చేసుకుంటే గాని ఆయన సన్నాయి ముట్టుకునేవారు కాదు. అదీ తండ్రి వాడిన మడతకత్తితోనే. కిటికీ ఊచకు వేలాడే పాత తోలుపట్టా కొసను ఎడమచేత్తో బిగలాగి, దానిమీద కత్తిని అటూ ఇటూ తీసి పదును పెట్టేవారు. ఆ చప్పుడు వినడానికే శిష్యులు కొంచెం ముందుగా వచ్చి అరుగుమీద కూర్చునేవారు. ఆ వంశంలో కత్తీ సన్నాయీ కలిసే పెరిగాయి. తర్వాతివాళ్లు కత్తిని వదిలేసి సన్నాయిని ఉంచుకున్నారు. ఆయన మాత్రం రెండింటినీ ఒకే గూట్లో పెట్టుకున్నారు.

ఒకనాడు ఏడుకొండలు అనే శిష్యుడు అందరికంటే ముందు వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. అంతకుముందు వారం గురువుగారికి జలుబు చేస్తే, ఒక పెళ్లిలో అప్పగింతలవేళ అతనే వాయించాడు. స్వరం తప్పలేదు, తాళం తప్పలేదు. అయినా పెళ్లికూతురి తల్లి కళ్లు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చి, "కాసేపు ఆపు నాయనా, పిల్లతో రెండు మాటలు చెప్పుకోవాలి" అంది. కోపంగా కూడా అనలేదు. అందుకే ఆ మాట అతని గుండెలో ముల్లులా ఉండిపోయింది.

"గురువుగారూ, ఒక్క మాట అడుగుతాను. రాత్రనకా పగలనకా సాధన చేస్తున్నాను. మీరు చెప్పిన స్వరం చెప్పినట్టే పలుకుతోంది. మరి నా పాట వింటే జనానికి పక్కకు తప్పుకోవాలని ఎందుకనిపిస్తోంది? బ్యాండువాళ్లు నన్ను రమ్మంటున్నారు. అక్కడ గట్టిగా ఊదేవాడైతే చాలంట. పొమ్మంటారా, ఉండమంటారా?"

గురువుగారు చెంప తడుముకున్నారు. "గడ్డం మాసింది. ఇవాళ నువ్వు చెయ్యి" అన్నారు.

ఏడుకొండలు ఒక అడుగు వెనక్కి వేశాడు. వాళ్లింట్లో కత్తి తాతతోనే ఆగిపోయింది. తాను గడ్డం చేసుకునేది బజారులో దొరికే బ్లేడుతో. పైగా మర్నాడు పెద్ద పెళ్లి, గురువుగారే వాయించాలి. సన్నాయి ఊదేవాడికి పెదవి తెగిందంటే, అది మానేదాకా ఇంట్లో కూర్చోవడమే. ఆ సంగతి చెప్పబోయాడు గాని, ఆయన అప్పటికే కత్తి చేతిలో పెట్టేశారు.

ఊచకు రెండు పట్టాలు వేలాడుతున్నాయి. ఒకటి నల్లగా, నిగనిగలాడుతూ, కొత్త పెళ్లికొడుకులా ఉంది. పట్నం ఆసామి ఒకాయన మెచ్చుకుని ఇచ్చింది. రెండోది తండ్రినాటిది. రంగు వెలిసిపోయి, నడుమ చేతిచెమటకు నల్లబడి, చూడటానికి గాడిద మెడలో తాడులా ఉంది.

"ఏది నచ్చితే అది తీసుకో" అన్నారు గురువుగారు.

లోకంలో ఎవరైనా ఏది తీసుకుంటారో ఏడుకొండలూ అదే తీసుకున్నాడు. కత్తి దానిమీద జర్రున జారింది. మళ్లీ తీశాడు, మళ్లీ జారింది. ఎంత తీసినా చప్పుడన్నది లేదు.

"కత్తి అవతల పెట్టి, రెండింటిమీదా అరచెయ్యి వేసి చూడు."

కొత్తదాని మీద చెయ్యి తడిసిన బండమీద కాలులా జారిపోయింది. పాతది మాత్రం అరచేతిని కాస్త పట్టుకుని, అప్పుడు వదిలింది.

"పట్టుకోనిది ఏం దిద్దుతుందిరా?" అని గురువుగారు పీట వాల్చుకుని కూర్చున్నారు.

ఏడుకొండలు పాతపట్టా అందుకున్నాడు. దారి గురువుగారిని చూసి చూసి తెలిసిందే. కత్తి వెన్ను ముందు నడవాలి, అంచు దాని వెనకాల రావాలి, కొసకు చేరాక వెన్నుమీదే పొర్లించి తిప్పాలి. తెలిసినదంతా చేతికి రావాలంటే వస్తుందా? సన్నాయిలో ఊపిరి ఎలా నింపుతాడో కత్తిమీదా అలాగే బలం పెట్టాడు. పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమే. పట్టా నడుమ ఉయ్యాలలా కుంగింది. కొసదాకా వెళ్లిన కత్తిని ఆత్రంలో అంచువైపు తిప్పేశాడు. తోలు చీలిన చప్పుడు ఇద్దరికీ వినబడింది.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. గురువుగారి తండ్రి చెయ్యి పడిన పట్టా అది.

గురువుగారు లేచి గాటు చూశారు. తర్వాత పట్టాను తిరగేసి రెండో కొస చూపించారు. అక్కడా ఒక గాటు ఉంది, అంచులు అరిగి, వేలికి తగలనంత నున్నగా. "అది నేను పెట్టింది. మా అయ్య కేకలేస్తాడని గడ్డివాములో దాక్కున్నాను. ఆయన వచ్చి, చదును చెయ్యమని గరుకురాయి ఇచ్చాడు, అంతే" అంటూ గూట్లోంచి అదే రాయి తీసి ఇచ్చారు.

ఏడుకొండలు కొత్తగాటు అంచుల్ని మెల్లగా రుద్దాడు. ఇంత పెద్దాయన, ఇంత చిన్న కొడుకై గడ్డివాములో కూర్చున్నాడన్న తలపుకు అతని కళ్లు తడిశాయి. ఆయనమీద ఉన్న గౌరవం ఆ క్షణాన ప్రేమ కూడా అయింది.

తలెత్తేసరికి గురువుగారు ముఖానికి సబ్బునురుగు రాసుకుని, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని ఉన్నారు. "ముందు పై పెదవి మీద మొదలుపెట్టు. రేపు దానితో పనుంది" అన్నారు.

అతను కత్తి వైపు చూశాడు. పెదవి వైపు చూశాడు. మళ్లీ కిటికీ దగ్గరకు వెళ్లి పట్టాను బిగలాగి పట్టుకున్నాడు. ఈసారి పట్టామీద కత్తి బరువే తప్ప తన బరువు వెయ్యలేదు. వెయ్యడానికి ధైర్యం చాలలేదు. వెన్నూ అంచూ కలిసి తోలుమీద ఆని నడిచాయి, కొసకు రాగానే వెన్నుమీదే పొర్లాయి. చప్పుడు మొదలైంది. రోజూ అరుగుమీద కూర్చుని వినే చప్పుడే అది. తన చేతిలోంచి వస్తోందంటే అతనికే నమ్మకం కుదరలేదు. పీటమీద కూర్చున్న గురువుగారి వేళ్లు మోకాలిమీద తాళం వెయ్యడం మొదలుపెట్టాయి. కాసేపటికి అవి ఆగాయి.

"ఊఁ, రా" అన్నారు.

కత్తి పెదవిమీద వెన్నమీద నడిచినట్టు నడిచింది. చెంపలు, గడ్డం, చివరకు గొంతు. ఆ గొంతులోని ఊపిరి తన వేళ్లకింద ఏమాత్రం తడబడకుండా వచ్చిపోవడం ఏడుకొండలుకు తెలుస్తూనే ఉంది. ఎక్కడా రక్తపుచుక్క కనబడలేదు.

గురువుగారు ముఖం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, పెదవిమీద వేలు రాసి చూసుకున్నారు. కొత్తపట్టాను ఊచనుంచి తీసి అటకమీదికి విసిరేశారు. పాతదాన్ని మడతపెట్టి ఏడుకొండలు చేతిలో పెట్టారు.

"మరి నేనడిగింది, గురువుగారూ?" అన్నాడు అతను. బ్యాండుమాట ఎత్తడానికి సిగ్గేసింది.

"రేపు అప్పగింతలకు నువ్వే వాయిస్తున్నావు" అన్నారు వీరరాఘవులుగారు. "పిల్ల తల్లి నీ పక్కనే నిలబడి ఉంటుంది. ఆవిడ ముఖానికి నురుగు రాసి ఉందనుకో."